ఆరోగ్యమ్మ మాటకు తర్జుమా

మా ఆవిడ ఆరోగ్యమ్మ గొంతు ఎలాంటిదో చందర్లపాడు హైస్కూల్లో చదువుకున్నవాళ్ళని అడగండి. ఆవిడ తొమ్మిదో తరగతికి సోషల్ పాఠం చెబుతుంటే పక్క గదిలో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా రాసేసుకునేవాళ్ళట. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మిర్చి బస్తాలతో, కోళ్ళ గంపలతో ఎక్కిన జనాన్ని నోటితోనే సర్దినవాణ్ణి. అలాంటి నేను కూడా ఇంట్లో ఆవిడ "ఏమండీ" అంటే చేతిలో పేపరు పక్కన పడేసి లేచేవాణ్ణి. నందిగామలో మా వీధివాళ్ళకి ఇదో వేడుక. జీవరత్నం బస్సుకి బ్రేకు ఇంట్లో ఉంది అనేవాళ్ళు. అననివ్వండి, నాకేం చిన్నతనం లేదు.

ఆ గొంతు ఎలా పోయిందో, అది చెప్పిన ఆఖరి మాట ఏమైందో చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. అయినా నా ధోరణిలోనే చెప్పనివ్వండి.

ఆరోగ్యం వాళ్ళ నాన్న దేవరాజ్‌గారిది జగ్గయ్యపేట పక్కన ఒక పల్లె. వయసులో ఉన్నంత కాలం సున్నం బట్టీల్లో కూలి చేశాడు. నేను పెళ్ళిచూపులకు వెళ్ళేనాటికే ఆయనకు రెండు కళ్ళూ లేవు. నన్ను దగ్గరికి పిలిచి మొహమంతా తడిమి చూసి, "ముక్కు పెద్దదేలే, పిల్లని బాగానే చూసుకుంటాడు" అన్నాడు. ముక్కుకీ దానికీ ఏం సంబంధమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆయనకున్నది ఒక్కతే కూతురు. బట్టీ దగ్గర పడిన కష్టమంతా ఆ పిల్లని టీచర్ ట్రైనింగ్ దాకా తీసుకువెళ్ళడానికే ఖర్చుపెట్టాడు.

జగ్గయ్యపేటలో పాత బంగళా ఒకటి బాగుచేసి చిన్న మ్యూజియం పెట్టారు. విరిగిన శిల్పాలు, కుండ పెంకులు, నాణేలు, రెండు ఫిరంగి గుండ్లు. దానికో కమిటీ. కమిటీకి పెద్ద సుబ్బరాయుడుగారు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆసామి, ఊళ్ళో పొలమూ పరపతీ ఉన్నవాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎదురుపడితే ఆగి పలకరిస్తాడు, ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా చూడ్డానికి వెళతాడు. దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ప్రతి శనివారం పొద్దున్నే ఆ మ్యూజియం హాల్లో ఒకరి చేత ఉపన్యాసం చెప్పించాలన్నది ఆయన ఆలోచనే. వేడి వేడి ఉప్మా, టీ, ఆ తర్వాత ఒక గంట మాటలు. రిటైరైనవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి. నేను ఉప్మా కోసం వెళ్ళేవాణ్ణి, మా ఆవిడ మాటల కోసం వెళ్ళేది. నందిగామలో తెల్లవారుజామునే బస్సెక్కి ముందు వరసలో కుర్చీ పట్టుకునేది.

మొదటి శనివారమే తేడా వచ్చింది. ఎవరు మాట్లాడినా ముందుగా సుబ్బరాయుడుగారు లేచి నాలుగు ముక్కలు చెబుతాడు. ఆ నాలుగు ముక్కల్లో ఒకటి ఇది: "కళ విలువ తెలియని మూఢులు మన శిల్పాలను బట్టీల్లో వేసి సున్నం కాల్చుకున్నారు. ఆ మూఢుల చేతుల్లో పడకుండా మిగిలినవే మీరు చూస్తున్న ఈ నాలుగు రాళ్ళు." అందరూ తలలూపారు. ఆరోగ్యం ఊపలేదు. రెండో శనివారం కూడా అదే మాట. మూడో శనివారమూ అంతే. పెళ్ళిలో పురోహితుడి మంత్రంలా ఆయనకు అది అలవాటైపోయింది. 'మూఢులు' అన్న మాట వచ్చినప్పుడల్లా మా ఆవిడ కొంగు చివర వేళ్ళకు చుట్టుకుని బిగించేది.

"ఈసారి ఆయనతో చెబుదాం. మా మామగారు ఆ బట్టీలో పనిచేశాడు, నోరు జాగ్రత్త అని చెబుదాం" అన్నాను తిరుగు బస్సులో.

"కింద నిలబడి గొణిగితే గొడవ పెట్టుకున్నారంటారండీ. మైకు ముందు చెబితే ఉపన్యాసం అంటారు. నేను ఉపన్యాసమే ఇస్తా" అంది.

మరుసటి వారం ఆయన్ని అడిగింది. "సున్నం బట్టీల పనివాళ్ళ గురించి నాకు తెలిసింది చెబుతా సార్, ఒక శనివారం ఇప్పించండి."

"తప్పకుండా టీచర్ గారూ, మీలాంటివాళ్ళు మాట్లాడాలి" అని అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. సీజను ఆఖరి శనివారం ఆవిడకు ఇచ్చారు. మ్యూజియం చూసుకునే గీతాంజలి అని ఒక చలాకీ పిల్ల ఉండేది, ఆ పిల్లే వచ్చి, "ముగింపు మాట మీదే మేడమ్" అని చెప్పింది. ఆ రోజు ఆరోగ్యం ఉప్మా రెండోసారి పెట్టించుకుంది.

ఇక గొంతు సంగతి. సంక్రాంతి ముందు నుంచే బొంగురు పోతోంది. మేం దాన్ని లెక్కే చెయ్యలేదు. ఎందుకు చేస్తాం? టీచర్లందరి గొంతూ అంతే కదా. ముప్పై ఏళ్ళు సుద్దముక్క పొడి మింగినవాళ్ళకి ఆ గొంతు కాక కోయిల గొంతు వస్తుందా అని నేనే ఎకసెక్కాలాడాను. ఆవిడ తోటి టీచర్లు ఫోన్ చేసి, "మాకూ అంతేనమ్మా, సుద్ద గొంతు" అనేవాళ్ళు. కరక్కాయ బుగ్గన పెట్టుకుంది. మిరియాల పాలు తాగింది. ఆవిరి పట్టింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. వీధి చివర డాక్టరు బిళ్ళలు మార్చి మార్చి ఇచ్చాడు. ముద్ద మింగడం కష్టమైనప్పుడు గానీ మా అమ్మాయి మెర్లిన్ విజయవాడ నుంచి వచ్చి తల్లిని కారెక్కించలేదు.

పెద్దాసుపత్రిలో గొంతులోకి గొట్టం దింపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. సుద్ద కాదు. కేన్సరు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు డాక్టరు.

"తీసేశాక మాట?" అని అడిగింది ఆరోగ్యం.

"మాట ఉండదమ్మా. మెడ దగ్గర రంధ్రం పెడతాం, ఊపిరి అక్కణ్ణుంచి."

ఆపరేషను తారీఖు చెప్పాడు. సరిగ్గా ఆవిడ ఉపన్యాసం ఉన్న శనివారానికి ముందు గురువారం. "రెండు మూడు రోజులు ఆగితే కాదా సార్?" అంది. ఇప్పటికే ఆలస్యమైందన్నాడు. మెర్లిన్‌కి కోపం ఆగలేదు. "నీ ప్రాణం కన్నా ఆ ఉప్మా మీటింగ్ ఎక్కువా అమ్మా?" అని కారిడార్లోనే అరిచింది.

"మా నాన్నకి ఇంకో కూతురు లేదే" అంది ఆరోగ్యం.

గీతాంజలికి ఫోన్ చేశాను. ఆఖరి వారానికి ముందు శనివారం ఆ పిల్లే నాణేల గురించి మాట్లాడాల్సి ఉంది. నా మాట పూర్తి కాకముందే, "నా వారం మేడమ్‌కి ఇచ్చేస్తానండీ, ఆ ఆఖరి వారం నేను చూసుకుంటా" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

ఆ శనివారం హాలు బాగానే నిండింది. సుబ్బరాయుడుగారు లేచి తన నాలుగు ముక్కలూ చెప్పాడు, మూఢులతో సహా. తర్వాత ఆరోగ్యం మైకు ముందుకు వచ్చింది. నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. పొద్దున బస్సులో నాతో మాట్లాడినప్పుడు కాస్త వచ్చింది, ఆ కాస్తా దారిలోనే అయిపోయింది. మైకువాడు సౌండు పెంచాడు. పెంచిన కొద్దీ బుస్సుమంటోంది. వెనక వరసలవాళ్ళు కుర్చీలు జరుపుకుంటున్నారు.

ఆవిడ నా వైపు చూసి చెయ్యి ఊపింది. దగ్గరికెళ్ళి చెవి పెట్టాను. "తర్జుమా చెయ్యండి" అంది.

మా సువార్త సభలు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బయట దేశం నుంచి ప్రసంగీకుడు వస్తే పక్కనే తెలుగులో చెప్పేవాడు ఒకడు నిలబడతాడు. ఆయన ఒక వాక్యం, ఈయన ఒక వాక్యం. ఆయన "నేను పాపిని" అంటే ఈయన కూడా "నేను పాపిని" అనాలి. అంతేగానీ "ఆయన పాపినంటున్నాడు" అనకూడదు. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు, ఒక్కటి మింగకూడదు. తెలుగుని తెలుగులోకి తర్జుమా చేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆవిడ గొణిగింది. నేను బస్సు గొంతుతో అన్నాను: "నా పేరు ఆరోగ్యమ్మ."

హాలంతా నవ్వింది. మీసాలున్న ఆరోగ్యమ్మని చూస్తే ఎవరికి నవ్వు రాదు. ఆవిడా నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"మా నాన్న పేరు దేవరాజ్. సున్నం బట్టీలో రాయి పేర్చేవాడు. ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు. అలా పేర్చి నిప్పు పెడితే రోజుల తరబడి కాలేది. ఆ సున్నంతో కట్టిన మేడలు మన చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిల్లో మా వాళ్ళెవరూ కాపురం ఉండలేదు."

ఆవిడ ఆగి ఊపిరి తీసుకునేది. నేనూ ఆగేవాణ్ణి.

"ఒక ఊళ్ళో దిబ్బ తవ్వితే బొమ్మరాళ్ళు పడ్డాయి. తవ్వించినవాళ్ళు వాటిని బండ్ల మీద బట్టీకి తోలించారు. బొమ్మరాయికి సున్నం తెల్లగా వస్తుందని వాళ్ళ నమ్మకం. మా నాన్న ఒక రాయి మీద మట్టి చేత్తో తుడిచాడు. ఒక ఆడమనిషి, చంకలో బిడ్డ. ఇది నేను పేర్చను అన్నాడు. బట్టీవాళ్ళు నవ్వారు. నువ్వు చర్చికి పోయేవాడివి కదరా, ఈ బొమ్మతో నీకేం పని అన్నారు. పనేం లేదు, పిల్లతల్లిని నిప్పుల్లో పెట్టను అన్నాడు."

నాకు ఈ సంగతి తెలుసు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆరోగ్యం నాకు చెప్పింది. తెలిసిన సంగతే నా నోటితో "మా నాన్న" అంటూ చెబుతుంటే ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టుంది.

"ఆ రాళ్ళు వేరేవాళ్ళ చేత పేర్పించారు. మా నాన్నని పేర్పు పని నుంచి తీసేసి తడిపే గుంట దగ్గర వేశారు. కాలిన గడ్డల మీద నీళ్ళు పోసే పని అది. గడ్డ కుతకుతా ఉడికి పగులుతుంది. ఆ పనికి ఎవరూ ఒప్పుకోరు. ఎదురు చెప్పినవాణ్ణి అక్కడ వేస్తారు. వారం తిరక్కుండానే గడ్డ పగిలి మా నాన్న మొహాన పడింది. కళ్ళు రెండూ పోయాయి. అది ఏ రాతి సున్నమో, ఎవరికి తెలుసు."

నేను ఆగిపోయాను. ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఆపకండి" అంది. అలవాటు కొద్దీ అది కూడా మైకులో చెప్పేశాను.

అప్పుడు సుబ్బరాయుడుగారు కుర్చీలోంచే అడిగాడు. కటువుగా కాదు, మెత్తగానే. కాలేజీ పిల్లల్ని అడిగినట్టు. "దీనికి ఆధారం ఏమైనా ఉందా అమ్మా?"

ఆరోగ్యం ఆయన వంక చూసి మూడే ముక్కలు అంది. నేను తర్జుమా చేశాను. "మా నాన్న కళ్ళు."

ఇక ఆవిడకు శక్తి అయిపోయింది, నా భుజం పట్టుకుని నిలబడింది. అయినా ఆఖరికి ఇది చెప్పింది, నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పాను: "సుబ్బరాయుడుగారూ, మీరు ప్రతి వారం మూఢులు అంటారు. వచ్చే వారం ఆ మాట అనొద్దు. వినడానికి నేను రాలేను. అయినా అనొద్దు. మిమ్మల్ని నేను అడిగేది ఇదొక్కటే."

ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. ఒక చేత్తో శాలువా విప్పుతూ రెండో చేత్తో ఫొటోగ్రాఫరుని ఇటు రమ్మని పిలుస్తున్నాడు. "తప్పకుండా అమ్మా, తప్పకుండా" అన్నాడు. శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆరోగ్యం చేతులు పట్టుకున్నారు. తిరుగు బస్సులో శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "తప్పకుండా అన్నాడు, విన్నారా?" అంది. విన్నానన్నాను. అదే నేను ఆవిడ గొంతుతో విన్న ఆఖరి పెద్ద మాట. ఆ తర్వాత మంచినీళ్ళు, మందు, ఫ్యాను తగ్గించండి, అంతే.

గురువారం ఆపరేషను అయింది. శనివారం తెల్లవారకముందే కళ్ళు తెరిచి ఉంది. మెడకు గొట్టం, ముక్కుకు గొట్టం. మెర్లిన్ ఒక పలక తెచ్చి చేతికిచ్చింది. రాసింది ఒక్కటే: "వెళ్ళి వినండి."

"ఇక్కడ నిన్ను వదిలి ఆ హాలుకి పోనా?" అన్నాను. పలకని వేలితో టకటకా కొట్టింది. బ్రేకు వేసే గొంతు పోయినా వేలు పోలేదు. విజయవాడలో బస్సెక్కాను. కీసర దాటుతుంటే తెల్లారింది. దారి పొడుగునా ఆయన ఏమంటాడో, నేను వచ్చి ఎలా చెప్పాలో ఊహించుకుంటూనే ఉన్నాను. పసిపిల్లాడి ఆశ పడ్డాను, దాచుకోవడం ఎందుకు.

హాల్లో ఉప్మా వాసన. సుబ్బరాయుడుగారు లేచాడు. సీజను బాగా జరిగిందన్నాడు. అందరికీ ధన్యవాదాలన్నాడు. ఆ తర్వాత అన్నాడు: "కళ విలువ తెలియని మూఢులు మన శిల్పాలను బట్టీల్లో వేసి సున్నం కాల్చుకున్నారు. ఆ మూఢుల చేతుల్లో పడకుండా..."

నేను లేచి నిలబడ్డాను. ఒళ్ళంతా మండుతోంది. "సార్" అన్నాను. ఆయన నన్ను చూసి మొహం విప్పార్చుకుని, "రండి రండి జీవరత్నం గారూ, వెనక నిలబడ్డారేం, ఇక్కడ ముందు కుర్చీ ఖాళీగా ఉంది" అన్నాడు. ఎవరో నా చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ఇంకెవరో టీ గ్లాసు చేతిలో పెట్టారు. అంత మర్యాద చేసేవాణ్ణి ఏమని తిట్టను? గీతాంజలి ఒక్కతే నా వంక చూడలేక తల దించుకుంది. టీ తాగకుండా వచ్చేశాను.

ఆసుపత్రికి వచ్చేసరికి ఆరోగ్యం తలుపు వైపే చూస్తోంది. పలక మీద ముందే రాసిపెట్టుకుంది: "అన్నాడా?"

"అనలేదు" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నేను తుడిచాను. మళ్ళీ కళ్ళు తెరిచి పలక చూపించింది. ఇంకోసారి చెప్పమని. "అనలేదు ఆరోగ్యం. ఆ ముక్క దగ్గరికి వచ్చి ఆగి, దాటేశాడు" అన్నాను. నోరు తెరిచాక అబద్ధం దాని దారిన అది పోతుంది.

అది అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం మెర్లిన్ వస్తే ఆవిడ నా వైపు వేలు చూపించి, పెదాలు కదిపింది. చెప్పమని. చెప్పాను. మర్నాడు పాస్టరుగారు వచ్చారు. చెప్పమంది. చెప్పాను. నర్సుకి, పక్క మంచం వాళ్ళకి, చూడ్డానికి వచ్చిన పాత టీచర్లకి, అందరికీ నేను చెప్పాలి, ఆవిడ నా మొహం చూస్తూ వినాలి. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగేది. దేవరాజ్‌గారి పేరు ఎత్తాడన్నాను. ఆ బొమ్మని కాల్చడానికి ఆ ఒక్కడూ ఒప్పుకోలేదట అని అందరికీ చెప్పాడన్నాను. ఆవిడ చేత్తో నా మణికట్టు పట్టుకుని వినేది. అంత సంతోషంగా ఆవిడ్ని నేను ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషం చూస్తూ నాలో నేను చచ్చిపోయేవాణ్ణి.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. గుడ్ ఫ్రైడే రాకముందే ఆవిడ పోయింది.

నందిగామ తీసుకొచ్చి ఇంటి ముందు షామియానా కింద పెట్టె ఉంచాం. చందర్లపాడు నుంచి ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఆటోల్లో వచ్చారు. గీతాంజలి వచ్చి మూల నిలబడింది. సుబ్బరాయుడుగారు పెద్ద పూలదండతో వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, దండ పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదు, నిజంగానే తుడుచుకున్నాడు. నా చేతులు పట్టుకుని, "మంచి టీచరమ్మని పోగొట్టుకున్నామండీ" అన్నాడు.

మెర్లిన్ నా పక్కనే ఉంది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో ఆయనకు దణ్ణం పెట్టింది. "మా తాతయ్య పేరు చెప్పి, ఆ మాట మానేసినందుకు మీకు రుణపడి ఉంటా సార్. అమ్మ చివరి రోజులు దాంతోనే గడిచినాయి" అంది.

ఆయన మా అమ్మాయి వంక చూశాడు. గుర్తు తెచ్చుకుందామని నిజంగా ప్రయత్నించాడు, నుదురు ముడిపడింది. "ఏ మాటమ్మా?" అన్నాడు.

మెర్లిన్ నన్ను చూసింది. నేనే చెప్పాల్సి వచ్చింది. "మూఢులు అనే మాటండీ" అన్నా.

"ఓ, అదా. అది ఎవర్నీ ఉద్దేశించి కాదండీ" అన్నాడు సుబ్బరాయుడుగారు, నా చెయ్యి ఇంకా పట్టుకునే. "అది మాట వరసకి అనేది."

"మరి ఆయన అనలేదని చెప్పావు కదా నాన్నా?" అంది మెర్లిన్.

పెట్టె మూత ఇంకా వెయ్యలేదు. ఆవిడ ముందు నేనేం చెప్పను.